అప్పుడప్పుడు వచ్చే రోగం

పోయినేడు దసరా నుంచి సంక్రాంతి దాకా మా ఇంట్లో నడిచిన గొడవకు కారణం ఆస్తి కాదు, అత్తాకోడళ్ళ తగువు కాదు. ఒక పికప్ బండి. వంటలు, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళ పెట్టుపోతలు రాసుకునే నేను ఇంజను గురించి రాస్తున్నానంటే మీకు నవ్వు రావచ్చు. కానీ ఆ నాలుగు నెలల్లో నాకు తెలిసొచ్చిన సంగతి బండికే కాదు, ఇంట్లో మనుషులకూ పనికొస్తుంది. వచ్చి పోయే రోగం మన కళ్ళ ముందు కనబడలేదు కాబట్టి లేదనుకోకూడదు. చెప్పినవాళ్ళను ముందు నమ్మాలి. నమ్మి, రాసి పెట్టాలి. ఇదీ ఆ సంగతి.

మాది కరీంనగర్. మావారు దుకాణాలకు కిరాణా సరుకు చేరవేసే పని చేస్తారు. బండి ఫైనాన్సులో తీసుకున్నది, నెలనెలా కిస్తీ కట్టాలి. మొదట ఆయనే నడిపేవారు. నడుము నొప్పి వచ్చాక స్టీరింగు మా తమ్ముడి చేతికి వచ్చింది. కరీంనగర్‌లో లోడు ఎత్తుకొని జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా పోయి, సోన్ వంతెన దగ్గర గోదావరి దాటి నిర్మల్ చేరాలి. అక్కడి నుంచి మహబూబ్ ఘాట్ దిక్కు ఎత్తెక్కి నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదుగా ఆదిలాబాద్. వారానికి మూడు ట్రిప్పులు. వచ్చేటప్పుడు కిరాయి దొరికితే అదృష్టం, లేకపోతే ఖాళీ బండి.

దసరా తర్వాత ఒక రోజు తమ్ముడు ఫోన్ చేశాడు. "బావా, బండి గుంజుతలేదు. నిర్మల్ దాటి ఎత్తెక్కుతుంటే దమ్ము పోతాంది. రెండో గేరుల కూడా కదుల్తలేదు" అన్నాడు. పక్కకు ఆపి చాయ తాగి అరగంట తర్వాత స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే పోయిందట. మర్నాడు పొద్దున మావారు బండిని మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయారు. అతను బానెట్ ఎత్తి చూశాడు, ఊరి చుట్టూ ఒక రౌండు కొట్టి వచ్చాడు. "బండి బంగారంలెక్క ఉంది సార్" అన్నాడు.

ఇట్లా ఒకసారి కాదు. ఒక ట్రిప్పులో వస్తుంది, రెండు ట్రిప్పుల్లో రాదు. వచ్చిన రోజు సరుకు రెండు గంటలు ఆలస్యం. దుకాణాల వాళ్ళు రెండుసార్లు ఓర్చుకున్నారు, మూడోసారి లోడు వేరే బండికి ఇచ్చారు. షెడ్డుకు పోయిన ప్రతిసారీ బండి బుద్ధిమంతురాలైపోయేది.

మొదట డీజిల్ ఫిల్టర్ మార్చారు. వారం బాగుంది, మళ్ళీ అదే కథ. ఎయిర్ ఫిల్టర్ మార్చారు. ఒక సెన్సారు మార్చారు. ఇంకో షెడ్డులో ఇంజెక్టర్లు విప్పి శుభ్రం చేయించారు. అన్నీ కలిపి 23 వేలు దాటింది. ఆఖరికి ఒక చోట కంప్యూటర్ పెట్టి చూసి, డీజిల్ ప్రెజర్ తక్కువని చూపిస్తోంది, హై ప్రెజర్ పంపు పోయినట్టుంది, 60 వేల దాకా అవుతుందని చెప్పారు. నా గాజులు బ్యాంకులో పెడదామన్న మాట ఆ రోజే వచ్చింది.

డబ్బు కన్నా నన్ను కాల్చింది ఇంకో మాట. ఒక రాత్రి అన్నం తింటూ మావారు, "బండికి రోగం లేదు, నీ తమ్మునికే ఉంది" అన్నారు. దారిలో ఎక్కడో ఆపుకొని పడుకుంటున్నాడనీ, లేకపోతే డీజిల్ అమ్ముకుంటున్నాడనీ ఆయన అనుమానం. ఆయన్ను పూర్తిగా తప్పు పట్టలేను. మూడు షెడ్డుల వాళ్ళు బాగుందన్న బండి ఒక్క మా తమ్ముడి చేతిలోనే మొరాయిస్తుంటే ఎవరికైనా ఆ అనుమానమే వస్తుంది. కానీ గోడ అవతల తమ్ముడు చెప్పులు విప్పుతున్నాడు. విన్నాడు. మళ్ళీ చెప్పులు తొడుక్కొని పోయాడు. బండి నడపడం మానలేదు, మా ఇంట్లో అన్నం తినడం మానేశాడు.

మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఆయన దగ్గర ఏడ్చాను. కొడుకును వెనకేసుకు రాలేదు, అల్లుణ్ణి తిట్టలేదు. "రాసి పెట్టు బిడ్డా. డ్యూటీ దిగంగనే బస్సుల ఏముందో మేం లాగ్ షీట్ల రాసేది. నోటిమాటకు మెకానిక్ కదలడు, కాయితానికి కదుల్తడు" అన్నారు.

నేను బీఏ తెలుగు. ఇంజను గురించి నాకేం తెలుసు? కానీ రాయడం తెలుసు. ఇరవై ఏళ్ళుగా పాల లెక్క, చాకలి లెక్క, చిట్టీల లెక్క రాస్తున్నదాన్ని. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు తీసి గీతలు కొట్టాను. తేదీ, టైము, ఊరు. లోడు ఎంత. ఎత్తా, చదునా. ఎండా, చలా, వానా. బయలుదేరి ఎన్ని కిలోమీటర్లయింది. డీజిల్ ఎక్కడ పోయించాడు, ముల్లు ఎంతలో ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ లైటు వెలిగిందా. పొగ రంగు ఏమిటి. ఏం చేస్తే బాగైంది. తమ్ముడు దారిలో ఫోన్ చేసి చెప్పేవాడు, నేను రాసేదాన్ని. బాగున్న ట్రిప్పులు కూడా రాశాను. ఇది ముఖ్యం. చెడ్డ రోజులు మాత్రమే రాస్తే తేడా తెలియదు.

మూడు వారాలు గడిచాక పుస్తకం ముందేసుకొని కూర్చున్నాను. ఆదిలాబాద్ చలికి అట్లా అవుతుందని ఒకరన్నారు. కానీ మిట్టమధ్యాహ్నం కూడా వచ్చింది, కాబట్టి చలి కాదు. వాన కాదు, ఆ మూడు వారాల్లో చుక్క పడలేదు. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు ఒక్కసారి కూడా రాలేదు. లోడుతో, ఎత్తులో, వంద కిలోమీటర్లు దాటాకే వస్తోంది. కానీ అట్లా లోడుతో ఘాట్ ఎక్కినా రాని రోజులు నాలుగున్నాయి. ఆ నాలుగు రోజులకు తేడా ఏమిటని డీజిల్ గడి చూశాను. ఆ నాలుగు రోజులూ తమ్ముడు నిర్మల్‌లో డీజిల్ పోయించాడు. మిగతా రోజులు కరీంనగర్‌లోనే పోయించి ఎక్కడా ఆపకుండా పోయాడు.

దాని అర్థం నాకు తెలియలేదు. పుస్తకం పట్టుకొని బైపాస్ రోడ్డు మీద ఒక ముసలి మిస్త్రీ దగ్గరికి పోయాం, నేనూ మావారూ. బండిని పొద్దున చూస్తే ఏమీ దొరకదని నాన్న ముందే చెప్పారు కాబట్టి బండి తీసుకుపోలేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకొని పుస్తకం పేజీ పేజీ తిప్పాడు. తమ్ముడికి ఫోన్ చేయమన్నాడు. ఒక్కటే అడిగాడు: "డీజిల్ పోయించేటప్పుడు ట్యాంకు మూత తీస్తే సుయ్యిమని సప్పుడొస్తదా?" వస్తుందన్నాడు తమ్ముడు. "గాలి లోపలికి గుంజినట్టు?" అవునన్నాడు.

మిస్త్రీ నా వైపు తిరిగి అడిగాడు: "నూనె డబ్బాకు ఎన్ని చిల్లులు పెడ్తవమ్మా?"

అప్పుడు అర్థమైంది. 15 కిలోల నూనె డబ్బాకు ఒక్క మూలనే చిల్లు పెడితే నూనె బుడుక్ బుడుక్ మంటూ ఆగి ఆగి పడుతుంది. ఎదురు మూలన ఇంకో చిల్లు పెడితేనే గాలి లోపలికి పోయి నూనె ధారగా వస్తుంది. డీజిల్ ట్యాంకూ అంతే. ఇంజను డీజిల్ లాక్కుంటున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకోసం ఒక సన్నని దారి ఉంటుంది, బ్రీదర్ అంటారు. అది మూసుకుపోతే ట్యాంకు లోపల గాలి పలచబడి, డీజిల్‌ను ఇంజను ఒక పక్క లాగుతుంటే ట్యాంకు ఇంకో పక్క లాగుతుంది. ఖాళీ బండి చదును రోడ్డు మీద తక్కువ డీజిల్ తాగుతుంది, కాబట్టి ఎట్లాగో నడుస్తుంది. లోడుతో ఎత్తెక్కేటప్పుడు ఎక్కువ కావాలి, అందదు. అరగంట ఆపితే ఉన్న కొద్ది సందులోంచి గాలి మెల్లగా చేరి మళ్ళీ మామూలవుతుంది. మూత తీసి డీజిల్ పోయిస్తే ఒక్కసారిగా గాలి నిండి కొత్త బండి అయిపోతుంది. రాత్రంతా ఆగిన బండి పొద్దున షెడ్డుకు పోతే బంగారంలా కనబడక ఏం చేస్తుంది? డీజిల్ ఫిల్టర్ మార్చినప్పుడు వారం బాగుండటం కూడా పుణ్యానికి కాదు. ఆ వారం లోడు తక్కువని మా కిరాయి లెక్కల్లోనే ఉంది.

కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు. డీజిల్ ప్రెజర్ తక్కువన్న మాట నిజమే. కానీ అది నొప్పి ఎక్కడ ఉందో చెప్పింది, ఎందుకుందో చెప్పలేదు. నడుము నొప్పంటే నడుమే కోసేస్తామా? ప్రెజర్ తక్కువకు పంపు ఒక కారణం కావచ్చు, ఫిల్టరు కావచ్చు, పైపులో గాలి చేరడం కావచ్చు, ట్యాంకుకు ఊపిరి ఆడకపోవడం కావచ్చు. చవకైన వాటిని ముందు చూసి ఖరీదైన వాటిని తర్వాత చూడాలి. మనవాళ్ళు తిరగేసి చేశారు.

మిస్త్రీ వెంటనే విప్పేయలేదు. "మళ్ళ వచ్చినప్పుడు ఇంకేం ముట్టద్దు. బండి పక్కకు పెట్టి ఖాళీ మూత తీసి పెట్టున్రి. దాంతోనే గుంజిందనుకో, దొంగ దొరికినట్టే" అన్నాడు. తర్వాతి ట్రిప్పుకు మావారు తమ్ముడి పక్కన కూర్చొని పోయారు. కరీంనగర్‌లో ట్యాంకు నింపారు, నిర్మల్‌లో ఆపలేదు. ఎత్తు మొదలయ్యాక బండి దమ్ము పోయింది. మూత తీశారు, సుయ్యిమంది. మూత పెట్టి మళ్ళీ ఎక్కిస్తే బండి గుంజుకుంటూ పోయింది. తిరిగొచ్చాక బ్రీదర్ పైపు విప్పితే కొసన కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టి ఉంది. ఒక ఇనుప తీగ, ఒక గుడ్డ పేలిక, పావుగంట పని. మిస్త్రీ మూడు వందలు తీసుకున్నాడు. గాజులు నా చేతికే ఉన్నాయి.

అందరి బండ్లకూ కుమ్మరి పురుగే కారణమని నేను చెప్పడం లేదు. ఆ మిస్త్రీని కూర్చోబెట్టి ఇంకేం కారణాలుంటాయని అడిగి అవీ అదే పుస్తకంలో రాసుకున్నాను. మీ ఇంట్లో ఆటో ట్రాలీయో, పికప్పో ఉంటే పనికొస్తాయి. ఎత్తులో ఈల లాంటి మోత, నల్ల పొగ వస్తూ దమ్ము పోతే టర్బో గొట్టం ఎక్కడో చీలి ఉండొచ్చు. లోడు పడితేనే ఆ చీలిక తెరుచుకుంటుంది, నిలబెట్టి చూస్తే కనబడదు. గుంతల్లో పడినప్పుడే మిస్సింగ్ కొట్టి లైట్లు మినుకుమంటే బ్యాటరీ టెర్మినల్, ఎర్త్ వైరు, రాసుకుపోయిన వైర్లు చూడాలి. బాగా వేడెక్కాక టక్కున ఆగిపోయి, చల్లారాక స్టార్టయితే క్రాంక్ సెన్సారు మీద అనుమానం. వానలప్పుడే వస్తే వైర్ల జాయింట్లలో తడి, లేదా డీజిల్లో నీళ్ళు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ బండ్లకు పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఊళ్ళోనే చిన్న చిన్న దూరాలు తిరిగే బండికి అది నిండి దమ్ము తగ్గుతుంది. పొడుగు రోడ్డు మీద కాసేపు ఒకే వేగంతో పోతే మసి కాలిపోతుంది. ఎప్పుడు, ఎక్కడ, ఏ పరిస్థితిలో వస్తుందన్నదే సగం జవాబు.

ఇంకో రెండు జాగ్రత్తలు. షెడ్డుకు పోగానే బ్యాటరీ టెర్మినల్ విప్పనివ్వొద్దు. చాలా బండ్లలో అది విప్పితే కంప్యూటర్ దాచుకున్న తప్పుల చిట్టా చెరిగిపోతుంది. మా బండికి ముందు చూసిన షెడ్డుల్లో అదే జరిగింది. ముందు స్కాన్ చేసి ఆ కోడ్ కాగితం మీద రాయించుకోవాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. నాలుగు కలిపి మారిస్తే బాగైనా దేనితో బాగైందో తెలియదు. రెండోది, ఇప్పటి డీజిల్ ఇంజన్లలో ఇంజెక్టర్ల వైపు పోయే పైపుల్లో ప్రెజర్ వెయ్యి బార్లు దాటుతుంది. మన పికప్ టైర్లో గాలి నాలుగు బార్ల చుట్టూ ఉంటుంది, పోల్చి చూసుకోండి. ఇంజను నడుస్తుండగా అక్కడ నట్టు వదులు చేస్తే చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పాతకాలం బండ్లలా దారిలో పైపు విప్పి గాలి తీయబోవద్దని మగవాళ్ళకు చెప్పండి. ఘాట్ మీద దమ్ము పోతే మొండిగా తొక్కకుండా ఇండికేటర్ వేసి ఎడమకు ఆపడమే మొదటి పని. 44వ నంబరు హైవే మీద వెనక వచ్చే లారీకి మన బండి కష్టం తెలియదు.

ఇక ఇదంతా ఆడవాళ్ళకెందుకు అనేవాళ్ళున్నారు. మా ఆడపడుచే అన్నది. బండి కిస్తీ ఇంటి ఖర్చులోంచే పోతుంది, గాజులు నా చేతివే పోతాయి, మరి నాకు కాకపోతే ఎవరికి? పైగా ఇది కొత్తేమీ కాదు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ బెంజ్ చేసిన మూడు చక్రాల మోటారు బండిని ఆయనకు చెప్పకుండా బయటికి తీసి, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి పుట్టిల్లు ఉన్న ఫోర్జ్‌హైమ్‌కు పోయింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. ఇంధనం పైపు మూసుకుపోతే టోపీకి గుచ్చుకునే సూదితో శుభ్రం చేసింది. బ్రేకు చెక్కలు అరిగితే చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. ఎత్తుల దగ్గర బండి ఎక్కలేక తోయాల్సి వచ్చింది. తిరిగొచ్చి ఆ సంగతి చెబితే, ఎత్తెక్కడానికి ఆ భర్త ఇంకో గేరు చేర్చాడు. ఆయన ఆ ఎత్తు చూడలేదు. నడిపిన మనిషి మాట నమ్మాడు. నాకు అందులో నచ్చింది అదే.

మన ఇళ్ళలో ఇట్లాంటి నమ్మకం తక్కువ. మా అత్తమ్మ లేచి నిలబడితే తల తిరుగుతోందని ఏడాది చెప్పింది. కూర్చోబెట్టి బీపీ చూస్తే బాగానే ఉంది కాబట్టి పని తప్పించుకోవడానికి అంటోందని ఇంటిల్లిపాదీ అనుకున్నాం, నాతో సహా. ఒక డాక్టరమ్మ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూసింది. నిలబడితే బీపీ పడిపోతోంది. గుండె దడ అప్పుడప్పుడే వచ్చేవాళ్ళకు రెండు నిమిషాల ఈసీజీలో ఏమీ పడకపోవచ్చు. అందుకే హోల్టర్ అని ఒక చిన్న మిషను 24 గంటలు ఒంటికి కట్టి పంపుతారు, ఏ టైములో ఏం చేస్తుంటే ఎట్లా అనిపించిందో రాయమని కాగితమూ ఇస్తారు. డాక్టర్లు కూడా రాతనే నమ్ముకుంటారన్న మాట. సోమవారం పొద్దున్నే కడుపు నొప్పనే పిల్లవాణ్ణి దొంగవేషాలు అనే ముందు నాలుగు సోమవారాలు రాసి చూడండి. బడిలో ఆ రోజు ఏ పీరియడ్ ఉందో కూడా రాయండి.

నమ్మడమంటే గుడ్డిగా నమ్మమని కాదు. మా తమ్ముడు నిజంగానే డీజిల్ అమ్ముకుంటుంటే అదీ ఆ పుస్తకంలోనే దొరికేది. కిలోమీటర్లు, లీటర్లు రెండూ రాశాను కదా. రాత ఎవరి పక్షమూ కాదు. అనుమానించే ముందు రాయడం మొదలుపెడితే మనిషిని పోగొట్టుకోకుండా నిజం తెలుస్తుంది.

ఆ ట్రిప్పు నుంచి వచ్చిన రాత్రి మావారు తమ్ముణ్ణి చేయి పట్టుకొని ఇంట్లోకి తీసుకొచ్చారు. పీట వేశాను. రెండు ముద్దలు తిన్నాక తమ్ముడు తల ఎత్తకుండానే, "కండ్లతోటి చూసినంకనే నమ్మినవు గదా బావా" అన్నాడు. మావారు జవాబు చెప్పలేదు. నా దగ్గరా జవాబు లేదు. ఎందుకంటే ఆ నాలుగు నెలల్లో ఒకటి రెండుసార్లు నేనూ వాణ్ణి అనుమానించాను. ఆ మాట వాడికి ఇంతవరకూ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

పుస్తకం ఇప్పుడు బండిలోనే ఉంటుంది, డ్యాష్‌బోర్డు పెట్టెలో, తాడుతో కట్టిన పెన్నుతో సహా. వాడే రాస్తున్నాడు.